కొయ్యరాణికి కాలరు రవిక

నగర్తపేట, బెంగళూరు
సెప్టెంబరు 8

నళినక్కకు,

నీ చెల్లెలు కాత్యాయని నమస్కారాలు. ఫోనులో చెబుదామంటే నీకు సగం వినపడదు, ఈ ఇంట్లో మాత్రం అందరికీ మొత్తం వినపడుతుంది. అందుకే రాస్తున్నాను. చదివి, నాకు మతి ఉందో పోయిందో నువ్వే చెప్పు.

హరిణి పెళ్ళి నవంబరులో కదా. ఇక్కడ మన వైపు లేని ఆచారం ఒకటుంది. కొయ్యతో చేసిన రాజారాణి బొమ్మల జంటను పెళ్ళిలో తల్లి కూతురి చేతిలో పెడుతుంది. కూతురు ఏటా దసరాకు ఆ జంటకు కొత్త బట్టలు కట్టి నిలబెట్టుకుంటుంది. పట్టద గొంబె అంటారు. ఆ బట్టలు కుట్టడమే పదేళ్ళుగా నా పని. ఊళ్ళోవాళ్ళ కూతుళ్ళకు ఎన్ని జంటలు ముస్తాబు చేశానో లెక్కలేదు. తీరా మా ఇంటి పిల్లకు ఇచ్చే రోజు వస్తే, ఇచ్చేది నేనేనా అని నోరు తెరిచి అడగలేకపోతున్నాను. హరిణి కన్నతల్లికి అక్క, ఆ సొన్నమ్మ, దేవనహళ్ళి నుంచి వచ్చి, "కన్నతల్లి పక్కవాళ్ళే ఇయ్యాల. నేనింకా బతికే ఉండాను కదా" అనేసి పోయింది. మీ మరిది ఎప్పటిలాగే పేపరులో తల దూర్చారు. హరిణి ఫోను చూసుకుంటూ కూర్చుంది.

మొన్న హరిణే తనకివ్వబోయే బొమ్మల జంటను తెచ్చి నా మిషను మీద పెట్టి, "పిన్నీ, రాణికి కాలర్ రవిక కుట్టు. నీలం రంగుది. అమ్మ వేసుకుంటా ఉండె" అంది. ఆ మహాతల్లిని నేను చూసింది లేదు. గోడ మీది పెళ్ళి ఫోటోలో దండల కింద రవికే కనపడదు. మూడేళ్ళ పిల్లను నా చేతిలో పెట్టారు. ఇరవై మూడేళ్ళు తల దువ్వాను, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకున్నాను. ఇప్పుడు రాణి వాళ్ళమ్మ, రాజు వాళ్ళ నాన్న అయితే నేనెవరిని? దర్జీనా? కోపమో ఏడుపో నాకే తెలియలేదు. పోయిన మనిషి మీద అసూయేమిటే, సిగ్గులేదూ అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అంతటితో ఆగితే బాగుండేది. అబద్ధమాడాను. "కొయ్యబొమ్మకు మెడే ఉండదు, చేతులు ఒంటికి అతుక్కుని ఉంటాయి, కాలరు కూర్చోదు" అన్నాను. కిందటేడు ఒక బొమ్మకు వకీలు కోటు కాలరుతో సహా తొడిగిన దాన్ని! ముక్కలు ముక్కలుగా చుట్టి, వీపు వైపు ఒంటి మీదే కుట్టేస్తే సరి. హరిణి "సరే పిన్నీ" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను గుండ్రటి మెడతో జరీ రవిక కుట్టేశాను. బాగానే కుదిరింది. అయినా చూడలేక రాణిని గోడవైపు తిప్పి పెట్టాను. ఏం చెయ్యమంటావో రాయి.

నీ చెల్లెలు,
కాత్యాయని


నగర్తపేట
సెప్టెంబరు 24

నళినక్కకు,

నీ జాబు అందింది. "నోరుండేది అన్నం తినడానికొక్కదానికేనా, అడగవే పిచ్చిమొహమా" అని రాశావు. అడిగాను. అడిగాక ఇంకా అయోమయంలో పడ్డాను.

ఆదివారం హరిణి నా మిషను దగ్గర కూర్చుని గుడ్డపీలికతో కాలరు కత్తిరిస్తోంది. సూదిలో దారం ఎక్కించడం రాని పిల్ల! అరచేతంత కాలరు కత్తిరించింది. అది తొడిగితే రాణి మొహమే కనపడదు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "కాలరే కావాలని ఎందుకే అంత పట్టు?" అన్నాను.

"అమ్మ మొహం నాకు గుర్తు లేదు పిన్నీ. ఫోటో చూసి నేర్చుకున్న మొహమే. గుర్తుండేది అదొక్కటే. సాయంత్రం నన్ను ఎత్తుకుంటే కాలరు మూల నోట్లో పెట్టుకుంటా ఉంటి. నీలంది. ఉప్పగా ఉండె." ఆ పీలికను మడుస్తూ, "నువ్వే కుట్టి నువ్వే నాకు ఇయ్యాలని నా ఆశ. అమ్మ బొమ్మను నిన్ను ఇమ్మంటే నొచ్చుకుంటావేమోనని అడగలేదు" అంది.

నేనాడిన అబద్ధం ఒప్పేసుకున్నాను. "తెలుసులే. ఆ వకీలు బొమ్మకు ఫోటో తీసింది నేనే కదా" అని నవ్వింది. ఆ క్షణమే జరీ రవిక విప్పేశాను.

మంగళవారం మధ్యాహ్నం నీలం రవికకు ఆఖరి కుట్లు వేస్తుంటే సొన్నమ్మ వచ్చింది. మంచి మాటగా ఉంటుందని, "చూడక్కా, మీ చెల్లెలిలా ఉందా?" అన్నాను. ఆమె బొమ్మను తిప్పి తిప్పి చూసింది.

"ఇదేందమ్మా? మా చెల్లెలు కాలర్ రవిక యాడ వేసుకునె? దాని జన్మలో వేసుకోలేదు. ఈ పిల్ల పుట్టినాక మంచం పట్టింది. బిడ్డను ఎత్తుకునేకి దానికి శక్తి యాడ ఉండె? నేనే తెచ్చి పక్కలో పండబెడతా ఉంటి."

నా చేతిలో సూది ఆగిపోయిందక్కా. ఈ ఇంటికొచ్చిన కొత్తలో నేను రెండేళ్ళు గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనికి పోయాను కదా. చీర మీద తొడుక్కోమని అక్కడ నీలం కోటు ఇచ్చేవాళ్ళు, కాలరుది. సాయంత్రం గడపలో అడుగు పెడితే చాలు, కోటు విప్పనివ్వకుండా హరిణి మీదికి ఎగబాకేది. కాలరు మూల ఎప్పుడూ తడే. ఒకరోజు సూపర్‌వైజరు అందరిముందూ నిలదీస్తే, ఎలుక కొరికిందని చెప్పాను. రవిక, రవిక అని అది అంటుంటే ఆ పాత కోటు నాకెలా తడుతుంది చెప్పు? ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది నా మీదే.

సొన్నమ్మ నన్ను కుదిపి కుదిపి అడిగి సంగతంతా చెప్పించింది. విని, బొమ్మను మెల్లగా నా ఒళ్ళో పెట్టింది. "అట్లయితే ఇచ్చేది నువ్వే. ఉండు, పిల్లకు నేను చెప్తా" అని లేచింది. చెయ్యి పట్టుకుని ఆపేశాను. కన్నతల్లిదని ఆ పిల్లకు మిగిలింది ఆ ఒక్క జ్ఞాపకం. అదీ నాదేనని లాక్కుంటే ఇంక ఆ తల్లి ఎక్కడుంటుంది? నాకైతే దానితో గడిపిన ఇరవై మూడేళ్ళున్నాయి. సొన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చెప్పకపోవడం న్యాయమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. నువ్వు పెళ్ళికొచ్చినప్పుడు పొరపాటున కూడా నోరు జారకు.

ఆ సాయంత్రం హరిణి ఆఫీసు నుంచి వచ్చి రాణిని చేతిలోకి తీసుకుంది. కాలరు మూలను వేలితో తడిమి, చెంపకు ఆనించుకుని, "అమ్మే పిన్నీ. అచ్చం అమ్మే" అంది.

"అవును తల్లీ" అన్నాను.

నీ చెల్లెలు,
కాత్యాయని