దొరగారి కోటు

ఆదివారం

దొరగారు గండం గడిచి ఇంటికి వచ్చారు. దొరగారంటే మా కుక్క. మొన్న మా ఆయన తన బేకరీలో మిగిలిన ఎండుద్రాక్ష బన్ను తెచ్చి పెట్టారు. మింగి, నా కుట్టుమిషను కింద ఒకటే వాంతులు!

"ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ దగ్గరికి కూడా రానివ్వకండి. బరువూ తగ్గించాలి, గుండెకు మంచిది కాదు" అన్నారు డాక్టరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక మా తిండిలో ఏది దొరగారి నోట్లోకి వెళ్లాలన్నా తీర్పు నాదే!

సోమవారం

అట్ట మీద రాసి మిషను పైన గోడకు గుచ్చాను. ఉడికించిన క్యారెట్: సరే. గింజలు తీసిన ఆపిల్: సరే. ఉల్లి తగిలినది ఏదైనా: చచ్చినా వద్దు. బన్నులు అల్మరా పైన.

దొరగారికి కోటు కూడా కుట్టాను. ఒంటికి అతికినట్టు ఉంది. త్వరలో వదులు కావాలి!

"మరి నా కంచంలో ఆఖరి ముద్ద ఎవరికి పెట్టనే?" అన్నారు అత్తగారు.

"మీరే తినండి అత్తయ్యా."

మొహం ముడుచుకున్నారు. దొరగారు కూడా.

బుధవారం

ఊపిరాడనన్ని తీర్పులు. ఉడికిన గుడ్డు? సరే. చీజ్? డాక్టరు పేరు పెట్టి వద్దనలేదు కాబట్టి, సరే.

అయినా కత్తిరించగా మిగిలిన పీలికలను జాకెట్టు లెక్కలో వేస్తామా? గోరంత ముక్కలు తిండి లెక్కలోకి రావని తీర్పు చెప్పాను.

శనివారం

కోటు గుండీ పట్టలేదు. ఉతికితే బట్ట కుంచించుకుపోయినట్టుంది. లావైన వాళ్లు పాత బట్టలు పట్టుకొస్తే నేను చెప్పే మాటే ఇది. దొరగారికీ చెప్పాను, తోక ఊపారు. కుట్లు విప్పి వదులు చేశాను.

బుధవారం

మళ్లీ బిగుతు! ఈ రకం బట్ట ఇక కొనకూడదు. మళ్లీ విప్పాను.

శుక్రవారం

విప్పడానికి ఇక లోపల బట్ట లేదు. డాక్టరు దగ్గర తూచాం. పెరిగారు!

ఇంటికి రాగానే పంచాయితీ పెట్టాను.

"అట్ట మీద ఉన్నదే పెట్టాను. రోజుకొక్క గుడ్డు" అన్నారు మా ఆయన.

"నేనూ అంతేనమ్మా. ఒక్క గుడ్డే" అన్నారు అత్తగారు.

నేనూ అంతే. ఒక్క గుడ్డే. పైన కాస్త చీజ్.

మాటామాటా పెరిగి మా ఆయన చెయ్యి ఊపితే, అల్మరా మీది బన్ను దబ్బున కింద పడింది. దొరగారు లేచారు. ముగ్గురం ఒక్కసారిగా దాని మీద పడ్డాం. నాకు దొరికింది. ఆలోచించకుండా నా నోట్లో కుక్కుకున్నాను. ఏడుపొచ్చింది. కుట్టేటప్పుడు కాలి మీద ఆ తల బరువు లేకపోతే నాకు పని సాగదు. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం

మళ్లీ మొదలు! గుడ్డు ఒక్కటే, ముగ్గురం వంతులవారీగా పెట్టాలి. చీజ్ కొట్టేశాను. పీలికల తీర్పు రద్దు.

కొత్త కోటు కుట్టాను, మొదటి కొలతకే. ఈసారి లోపల అంగుళం బట్ట కూడా వదల్లేదు.

"పట్టదు కదే!" అన్నారు అత్తగారు.

"పడుతుంది అత్తయ్యా. దొరగారే తగ్గుతారు."

మిగిలిన ముక్కలు మాత్రం పారేయలేదు, డబ్బాలో దాచాను. బట్టను నమ్మలేం.