కిటికీలో ఉల్లిగడ్డలు

కాశిబుగ్గ, ఫిబ్రవరి 1982, బుధవారం రాత్రి

మా సరళ కిటికీలో నీళ్ల గ్లాసుల మీద నిలబెట్టిన ఉల్లిగడ్డలకు వేళ్లు దిగాయి. పాడవుతున్నాయనుకుని, ఆ వేళ్లు కోసి పారేసి పులుసు పెట్టాను. కాలేజీ నుంచి వచ్చి ఖాళీ గ్లాసులు చూసింది.

"రేపు ప్రాక్టికల్ పరీక్షకు అవే కావాలె అమ్మా."

"వేళ్లతోని ఏం పరీక్షనే?"

"వేరు కొసకు కణాలు పెరుగుతుంటయి. ఒక్క కణం తనలున్నదంత నకలు తీసుకొని రెండైతది. అదే మైక్రోస్కోపుల చూపియ్యాలె. మొన్న చెప్తే 'ఊ' అన్నవ్ గద."

అన్నాను, బియ్యం చెరుగుతూ. వినలేదు.

ఇప్పుడు మళ్లీ పెట్టినా తెల్లారేసరికి వేళ్లు రావు. పిల్ల ఆ పులుసుతోనే అన్నం తిన్నది.

"సారు అడిగితే ఎలుకలు కొట్టినయని చెప్త. నీ పేరు చెప్ప."

వద్దు, నా పేరే చెప్పమనాల్సింది. మళ్లీ 'ఊ' అన్నాను.