మామూలు తీగ

ఫిబ్రవరి 11

అత్త వాళ్ళ ఊరి గుట్టను రాళ్ళ క్వారీ కంపెనీ తవ్వుకోవడానికి అడుగుతోంది. ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్తగా అక్కడి మొక్కల రిపోర్టు రాయాల్సింది నేనే. గుట్ట పొడుగునా తెల్లపూల క్లెమాటిస్ తీగ. ఆకుల మీద నూగు మరీ ఒత్తుగా ఉంది. కొత్త జాతేమో! అత్త, ఆమె పేరు లోమాసోంతో, నా మొహం చూసి కనిపెట్టేసింది. ఇది లోకంలో ఇంకెక్కడా లేదని రాసిపారెయ్యవే నొంసెబో, వాళ్ళ నోళ్ళు మూతపడతాయి అంది.

రాస్తాననలేదు. రాయననీ అనలేదు.

ఫిబ్రవరి 13

హెర్బేరియంలో లెసోతో నుంచి జింబాబ్వే దాకా సేకరించి, ఎండబెట్టి అతికించిన ఈ తీగ షీట్లన్నీ పరిచాను. ఒకదానికి నూగు ఒత్తు, ఒకదానికి పలచన, మధ్యలో ఎన్ని రకాలో. ఎక్కడని గీత గీయను? మొగ్గ కోసి మైక్రోస్కోపులో చూశాను. రేకులు అంచుకు అంచు ఆనుకున్నాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కలేదు. సందేహం లేదు, క్లెమాటిస్ బ్రాకియాటా అనే పాత జాతే. ప్రతి కంచె మీదా పాకేదే.

ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 14

మా పై అధికారి డాక్టర్ లూట్స్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. సాధారణ మొక్క, అభ్యంతరం లేదు అని రాసి సంతకం పెట్టమన్నాడు. మొదటి ముక్క రాశాను. రెండోది రాయనన్నాను. మొక్క పేరు చెప్పడం వరకే మన పని అన్నాడు. అలాంటప్పుడు అభ్యంతరం లేదనడం కూడా మన పని కాదు కదా సార్ అన్నాను. తలుపు చూపించాడు.

ఫిబ్రవరి 15

సంగతి చెబితే అత్త ఫోన్లో తిట్టింది. నిన్ను చదివించినందుకు మాకు బాగా బుద్ధి చెప్పావే అంది. అబద్ధం రాయనన్నాను. పెట్టేసింది.

ఫిబ్రవరి 20

క్వారీ అనుమతి మీద ఊరి స్కూల్లో విచారణ. లేచి, ఇది మామూలు తీగే అన్నాను. క్వారీ వాళ్ళు నవ్వుకున్నారు. అత్త తల దించుకుంది. ఇక కూర్చోమన్నాడు ఆఫీసరు. కూర్చోలేదు. జలుబు చేస్తే వీళ్ళు నలిపి వాసన చూసేది ఈ ఆకే, తాగేది ఆ గుట్ట కింది ఊట నీళ్ళే, మామూలువి కాబట్టే రోజూ కావాలి అన్నాను. అరుదైనవి తప్ప మిగతావన్నీ పేల్చేసుకోవచ్చని ఏ చట్టంలో ఉందో చూపించమన్నాను. వెనక నుంచి ఎవరో ముసలావిడ, ఇంకా గట్టిగా చెప్పవే, నాకు వినబడట్లేదు అంది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను.

తర్వాత అత్త ఇంటికి వెళ్ళాను. మొక్కజొన్న సంకటి, గుమ్మడాకు కూర నాకోసం మూతపెట్టి ఉంచింది.

మార్చి 3

క్వారీకి అనుమతి ఇచ్చేశారు. నా ఉద్యోగం తీసేశారు. అప్పీలు వేశాం. అది తేలేదాకా గుట్టను ముట్టుకోకూడదు. ముట్టుకుంటారు చూడు అంది అత్త.

మార్చి 9, ఉదయం

బుల్డోజర్ వచ్చింది. తీగల ముందు ఊరి ఆడవాళ్ళందరం కూర్చున్నాం. డ్రైవరు దిగి, మీరంతా కాపలా కాసే ఆ గొప్ప మొక్క ఏదవ్వా అన్నాడు. గొప్పదేం లేదు నాయనా, అన్నీ మామూలువే, మేమూ అంతే, ఎక్కించు చూద్దాం అంది అత్త.

అతను ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు.