నీ పేరు మీద చలానా

నాన్నా, నిన్న నీ ఫోన్‌కి చలానా వచ్చింది కాబట్టి రాయక తప్పడం లేదు. గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర గీత దాటింది నేనే. బండి మాత్రం ఇంకా నీ పేరు మీదే ఉంది. ఈ ఉదయం మాదాపూర్‌లో కానిస్టేబుల్ ఆపాడు.

"ఏందమ్మా, ఆంధ్రా బండి ఇంకెన్ని రోజులు తిప్పుతవ్? చలానా కట్టి, మీ నాయనను తీస్కపోయి నంబర్ మార్పిచ్చుకో."

"నాన్న లేరండీ."

"ఊరికి పోయిండా?"

విడమరిచి చెప్పే ఓపిక లేక తలూపాను.

చలానా కట్టేశాను. నంబరు మారాలంటే మాత్రం నీ డెత్ సర్టిఫికెట్ పెట్టి, ముందు బండిని నా పేరుకి మార్చాలి. రేషన్ కార్డులో, కరెంటు బిల్లులో నీ పేరు తీయించింది నేనే. మన ఇంట్లో ఫారాలు నింపడం వచ్చింది నాకొక్కదానికే కదా. ఇక ఈ బండి ఒక్కటే మిగిలింది. దీని మీద కూడా నీ పేరు తీసేయమంటావా? ఆర్టీఏ ఆఫీసులో శుక్రవారానికి స్లాట్ దొరికింది. గురువారంలోగా చెప్పు నాన్నా.