మోకాళ్ల పొడి

శుక్రవారం, జాతర వారం

జాతర వేషాలు చూడాలని అమ్మ ఈరోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మేడమెట్లు ఎక్కేసింది. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం మొదలైంది.

ఎన్నో ఏళ్ల మోకాళ్ల నొప్పి. ఉగాదికి మా వీధి చివర ప్రకృతి వైద్య శిబిరం పెట్టిన పెద్దమనిషి పొడితో ఇట్టే మాయమైపోతుందా?

"మాది ఈ ఊరేనమ్మా. తాత కాలం నుంచీ ఇదే వైద్యం. ఉత్త వేర్ల పొడి," అన్నాడు.

ఈ ఊరివాడేనట! చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఇక్కడి వాళ్లెవరూ రాత్రిపూట పొలిమేర దాటరు. ఆయనేమో మొన్నా నిన్నా చీకటి పడగానే పొరుగూరు వడమాలపేట బస్సెక్కాడు. నా కళ్లతో చూశాను.

అమ్మకు చెబితే కసురుకుంది. "నీకు అన్నిటికీ అనుమానమే. నొప్పి పోయినాది. ఆయప్ప యాడోడైతే నాకేం?"

ఊరుకోలేక పొడి పొట్లం తీసుకెళ్లి మందుల షాపు రమణికి చూపించాను. ఆమె వాసన చూసింది.

"చూస్తే తెలీదక్కా. కొందరు ఇట్లాంటి వాటిలో స్టెరాయిడ్ కలుపుతారు. నొప్పి ఇట్టే పోతాది గానీ మొహం ఉబ్బుతాది. అట్లని ఉన్నపళాన ఆపేయొద్దు, ముందు డాక్టరుకు చూపించు."

ఇంటికొచ్చేసరికి అమ్మ అద్దం ముందు నిలబడి పసుపు రాసుకుంటోంది. నన్ను చూసి ముసిముసిగా నవ్వింది.

"సూడు మే, అంతా అమ్మోరి దయ. ఇన్నాళ్లకు నాకు బుగ్గలొచ్చినాయి."