హెర్షెల్ చెప్పిన మాట

15 జూన్ 1998

పని దొరికింది. కాటన్‌పేటలో, బట్టల షాపుల పైన రెండో అంతస్తు. ఒక ముసలాయన ఇంగ్లీషులో చెబుతుంటే కంప్యూటర్‌లో కొట్టాలి. ఆయన రబ్బీ, అంటే యూదుల గురువు. పుట్టింది లిథువేనియా. యుద్ధం అయ్యాక బొంబాయి చేరి మిల్లులో గుమాస్తా చేశాడట. రిటైరయ్యాక, ఆయాసానికి చల్లటి ఊరు మంచిదని ఇక్కడికి వచ్చాడు. వంట చేసే పాపక్క నన్ను మెట్ల మీదే ఆపింది. తాతప్ప మంచోడే, కోపం మాత్రం శానా ఉండాది, ఏమీ అనుకోవద్దమ్మా వరూధినీ అంది. నా కోపం సంగతి ఆవిడకింకా తెలీదు పాపం.

పీహెచ్‌డీ మానేసి టైపిస్టునయ్యానని అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నా పేపరు మీద మా గైడు తన పేరు వేసుకుంటే నోరు మూసుకుని కూర్చోవాలా? ఛీ.

2 జూలై

పుస్తకం ఏమిటో ఇవాళ తెలిసింది. 1941లో ఈయన ఒక చిన్న ఊళ్ళో పిల్లలకి ధర్మశాస్త్రం చెప్పే కుర్ర టీచరు. మందులకని పట్నం వెళ్ళాడు. ఆ రోజే ఊళ్ళో యూదులందర్నీ అడవిలోకి తోలుకుపోయి కాల్చేశారు. క్లాసు క్లాసంతా పోయింది. తర్వాత ఈయన్నీ పట్టుకుని క్యాంపులో పడేశారు. ఎలా బతికాడో చెప్పడు. ఆ పిల్లలు పాఠం మధ్యలో అన్న మాటలన్నీ గుర్తుచేసుకుని, వాటితో వ్యాఖ్యానం కడుతున్నాడు. ప్రతి మాటకీ ముందు, ఫలానావాడు చెప్పాడు అని పేరు ఉండాల్సిందే. ఒకచోట పేరు వదిలేసి కొట్టాను, బల్ల గుద్దాడు. మాట ఎవరిదో చెప్పకపోవడం వాళ్ళలో దొంగతనం కిందే జమట.

ఇంటికొచ్చి ఏడ్చాను. సంతోషంతోనే. ఇన్నాళ్ళకి ఒక సరైన మనిషి దొరికాడు.

9 జనవరి 1999, సాయంత్రం

శనివారం వాళ్ళకి విశ్రాంతి దినం, పని చేయడు కదా, ఊరికే చూసొద్దామని వెళ్ళాను. శనివారం స్విచ్ వేయడు. వేయమని ఎవర్నీ అడగడు కూడా, అదీ తప్పేనట. చీకట్లో కూర్చుని గట్టిగా దగ్గుతాడు. పాపక్క వస్తుంది, అబ్బ, నాకే కండ్లు కనపడల్యా అని గొణుగుతూ లైటు వేస్తుంది, వెళ్ళిపోతుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నాకు నవ్వాగలేదు.

23 ఫిబ్రవరి

ఇవాళ ఒక చిక్కుముడి. వాళ్ళ శాస్త్రం ప్రకారం, ఏట్లో కొట్టుకుపోయిన వస్తువు దొరికినవాడిదేనట, సొంతదారు గట్టు మీద నిలబడి మొత్తుకుంటున్నా సరే. మరి ఆ మొత్తుకోవడం వల్ల ఏం ఒరిగింది అని అడిగాడు. రెండు గంటలు తల బద్దలుకొట్టుకున్నాక నాకు తట్టింది. వస్తువు ఉంచుకోవచ్చు. కానీ ఆ అరుపు చెవిన పడ్డాక, ఇది ఎవరిదో నాకు తెలీదు అనే హక్కు మాత్రం పోతుంది. అంతే చెప్పాను.

ఆయన లేచి నిలబడ్డాడు. ఈ మాట కోసం నలభై ఏళ్ళు వెతికానన్నాడు.

నా బుర్రలోంచి వచ్చిన మాటకి ఒకరు లేచి నిలబడ్డారు! బస్సు దిగాల్సిన చోట దిగడం మర్చిపోయాను.

11 అక్టోబర్

ఇవాళ ముసలాయన ఆ పిల్లల్లో ఇంకొకడి పేరు ఎత్తాడు. హెర్షెల్ చెప్పాడు, రాసుకో అన్నాడు. రాసుకున్నాను. వస్తువు ఉంచుకోవచ్చు, కానీ ఆ అరుపు చెవిన పడ్డాక... అక్కడికి వచ్చేసరికి నా చేతులు ఆగిపోయాయి. నా మాట. నా మాట నాకే చెబుతున్నాడు, నా మొహం చూస్తూ, ఏ తడబాటూ లేకుండా! మర్చిపోయాడేమో అనుకుని, అది నేను చెప్పింది కదండీ అన్నాను. తర్వాతి వాక్యం రాసుకో అన్నాడు.

12 అక్టోబర్

వెళ్ళలేదు.

13 అక్టోబర్, మధ్యాహ్నం

వెళ్ళి కడిగేశాను. పేరు వదిలితే దొంగతనమని బల్ల గుద్దింది మీరే కదా, మా గైడుకీ మీకూ తేడా ఏమిటి అని అరిచాను. వంటింట్లోంచి పాపక్క పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

మెల్లగా చెప్పాడు. హెర్షెల్‌కి పధ్నాలుగేళ్ళట. పాఠం వినకుండా కిటికీలోంచి గుర్రాల్ని చూస్తూ కూర్చునేవాడట. క్లాసులో వాడు నోరు విప్పిందే లేదట. చచ్చిపోయినవాడి పేరు మీద ఒక మాట చెబితే, మట్టిలో వాడి పెదాలు కదులుతాయని వాళ్ళ నమ్మకం. మరి ఏమీ చెప్పకుండా పోయినవాడి పెదాలు దేనికి కదలాలి అన్నాడు.

అయితే మిగతా పిల్లల మాటలు కూడా మీ కల్పనేనా అని అడిగాను. కొన్ని వాళ్ళవే అన్నాడు. ఎన్ని అంటే చెప్పలేదు.

మరి నాది ఎందుకు తీసుకున్నారు, నేనేం పాపం చేశాను అన్నాను. నువ్వు బతికున్నావు కదా, నీకు ఇంకా నోరుంది అన్నాడు.

ఎంత మాట! అంత తేలిగ్గా ఎలా అనగలిగాడు? మా గైడు దొంగ, తను దొంగనని వాడికీ తెలుసు. ఈయన దొంగతనం చేసి, పైగా నన్నే పిసినారిని చేశాడు. నమ్మాను. ఈ ఊళ్ళో ఒక్క మనిషినే నమ్మాను. నాకిచ్చిన ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

5 మార్చి 2001

పాపక్క ఫోన్ చేసింది. తాతప్ప పొద్దున పోయినాడమ్మా, నిన్నటిదంకా నిన్ను అడగతానే ఉండె అంది. ఖననానికి వెళ్ళలేదు. మొండితనమే. ఉండనీ.

19 నవంబర్ 2001

లండన్ పబ్లిషర్ నుంచి ఆయన పుస్తకం ప్రూఫులు వచ్చాయి. చివరి దిద్దుబాట్లు నేనే చేయాలని ఆయన వాళ్ళకి చెప్పిపోయాడట. పోయాక కూడా నా చేతే చేయిస్తాడన్నమాట!

హెర్షెల్ పేరు కొట్టేసి నా పేరు రాశాను. చూసుకున్నాను. బాగుంది. చాలా బాగుంది. టీ తాగొచ్చి పుస్తకం అంతా వెతికాను. హెర్షెల్ ఇంకెక్కడా లేడు. ఆ ఒక్కచోటే.

మళ్ళీ వాడి పేరే రాశాను. దయతో కాదు. ఆ ముసలాయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ రాశాను. క్షమించలేదు, ఇకముందూ క్షమించను.

18 ఏప్రిల్ 2004

హైఫా నుంచి ఫోన్, యూదుల దేశంలో ఊరట. నా నంబరు పబ్లిషర్ ఇచ్చాడట. ముసలి గొంతు. హెర్షెల్ చెల్లెలట. యుద్ధానికి ముందే, చిన్నపిల్లగా ఉన్నప్పుడే అక్కడున్న బాబాయి దగ్గరికి పంపేశారట. అన్న మొహం గుర్తులేదట. పుస్తకంలో ఉన్న ఆ మాట నిజంగా మా అన్న అన్నదేనా అని అడిగింది.

అవునన్నాను.

ఏడ్చింది. కాసేపటికి, ఇంకేమైనా అన్నాడా అని అడిగింది.

కళ్ళు మూసుకుని ఆలోచించి, నాదే ఇంకో మాట చెప్పాను.