ఐర్లండు ఆచారం ప్రకారం పైడమ్మ

ఉత్తరాలు చేరని చోట బట్వాడా బాధ్యత వహిస్తున్న అధికారులకు: ఈ దిగువ విషయాన్ని రామచంద్రపురం కాపురస్తురాలు, కీర్తిశేషురాలు పైడమ్మకు ఆమె కూతురి తరఫున తెలియజేయవలసిందిగా మనవి.

అమ్మా, నిన్న నీ మనవరాలి బారసాల జరిగింది. మా మావయ్యగారు రాజమండ్రిలో ఐర్లండు వైపు పెట్టుకునే కెల్టిక్ పేర్ల పుస్తకం కొని, ‘ఫియోనా’ అని ఖాయం చేశారు. ఆ పేరుకు తెల్లనిదని అర్థం. పిల్లది నీ చామనఛాయ. నేను అర్థాల దగ్గర ఆగక ఆచారాల అధ్యాయం కూడా చదివి, బంధువులందరి ఎదుట వినిపించాను: ఐర్లండులో మొదటి ఆడపిల్లకు అమ్మమ్మ పేరు పెడతారు.

“పైడమ్మేంటమ్మా, రేపు కాన్వెంటులో నవ్వరూ?” అన్నారు మావయ్యగారు.

“ఐర్లండులో నవ్వరండి. పుస్తకం మీరు కొన్నదే.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ మళ్ళీ చదివారు. “ఇంగ్లీషువాళ్ళే పెట్టుకుంటుంటే మనకేంటి, కానివ్వండి” అన్నారు. నీ అల్లుడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో నీ పేరు రాశారు. ఆ క్షణాన నాకు కలిగిన గర్వాన్ని ఇందుమూలముగా నమోదు చేస్తున్నాను.

నిన్ను నేనెన్నడూ పేరు పెట్టి పిలవలేదు. ఇక రోజూ ఆ పేరే పిలవాలి. కావున,

డిమాండు నెం. 1: మా ఇంట్లో “పైడమ్మా” అని కేక వినబడినప్పుడు నువ్వు చేతిలో పని వదిలేసి లేచి రాకూడదు. పలికే మనిషి పుట్టింది.